మా పక్కింటి జమైకా తాతయ్య

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో విదేశాలకు చదువుకు వెళ్లే పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివాను. వచ్చే సెప్టెంబరులో వాళ్లబ్బాయి లండన్‌లో ఎమ్మెస్సీలో చేరబోతున్నాడట. బ్యాంకు ఖాతా గురించి, చలికోట్ల గురించి, చిన్న కుక్కర్ వెంట తీసుకెళ్లడం గురించి ఆయన రాసినవన్నీ పనికొచ్చే మాటలే. చివర్లో మాత్రం ఒక మాట ఉంది. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఏరియాల్లో గది తీసుకోవద్దని, దక్షిణ లండన్ వైపు అసలే వద్దని.

నేను పన్నెండేళ్లకు పైగా ఆ దక్షిణ లండన్‌లోనే ఉంటున్నాను. మా ఏరియా పేరు థార్న్‌టన్ హీత్. మీ పేపరు నెట్‌లో చదువుకునే సమయానికి మా పక్కింటి తాతయ్య పోయి రెండు నెలలైంది. జమైకా నుంచి వచ్చిన మనిషి. 2024 నవంబరులో, 84 ఏళ్ల వయసులో పోయాడు. మీ పేపర్లో లోపలి పేజీలో ఫొటోతో శ్రద్ధాంజలి ప్రకటనలు వస్తాయి కదా, ఆయన గురించి అలాంటిది తెలుగులో వేసేవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు. ఆయన పేరు, ఫొటో వేయొద్దని వాళ్లమ్మాయి అడిగింది కాబట్టి వేయడం లేదు. మా ఇంట్లో ఆయన పేరు ఎటూ తాతయ్యే.

ముందు నా సంగతి చెప్పాలి. 2012 మార్చిలో మేం ఈ ఇంట్లోకి మారినప్పుడు నాకు ఐదో నెల. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇల్లు ఎక్కడో చెప్పగానే ఇక్కడున్న మా చుట్టాలావిడ "నల్లోళ్ల మధ్య ఎలా ఉంటావే" అంది. ఆ మాట నాలో దిగిపోయింది. మావారు ఆఫీసుకు వెళ్లగానే తలుపుకు రెండు గొళ్లాలూ పెట్టుకునేదాన్ని. పక్కింటాయన ఎప్పుడు కనిపించినా టోపీ ఎత్తి "గుడ్ మార్నింగ్" అనేవాడు. నేను తల దించుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. మూడు నెలలు అలా చేశాను. ఆయన మూడు నెలలూ టోపీ ఎత్తుతూనే ఉన్నాడు.

ఆ గొళ్లాలు తీయించింది మా అమ్మ. పురిటికని జూన్‌లో వచ్చింది. అమ్మది తెనాలి వైపు, ఇంగ్లీషు రాదు. మధ్యాహ్నం పూట పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒకరోజు కంచె మీదుగా పక్క పెరట్లోకి చూసి "ఒసేయ్, తోటకూర!" అని కేకేసింది. నిజంగానే తోటకూర. నడుం ఎత్తున, రెండు మళ్లనిండా. తాతయ్య అక్కడే వంగి కలుపు తీస్తున్నాడు. లేచి, ఒక ఆకు తుంచి చూపించి, "కాలలూ" అన్నాడు. అమ్మ "తోటకూర" అంది. ఆయన మళ్లీ "కాలలూ". ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. జమైకాలో దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఉల్లిపాయ, టమాటా వేసి మగ్గబెట్టి, ఎండు చేపతో కలిపి పొద్దున పూట తింటారు. ఆ సాయంత్రం కంచె మీదుగా ఒక పెద్ద కట్ట వచ్చింది. మర్నాడు పప్పులో వేసి అమ్మ ఒక గిన్నె వెనక్కి పంపింది. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష లేదు. అయినా అమ్మ ఆయన్ని "అన్నయ్యగారూ" అని పిలిచేది. ఆయన "సిస్టర్" అనేవాడు. జమైకా వాళ్లలోనూ పెద్దవాళ్లను ఒట్టి పేరుతో పిలవడం మర్యాద కాదు. అంకుల్, ఆంటీ చేర్చాల్సిందే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆయనది జమైకా తూర్పు కొసన సెయింట్ థామస్ అనే జిల్లా. చుట్టూ చెరకు తోటలు. 1961 నవంబరులో, ఇరవై ఒకటో ఏట, ఓడెక్కి ఇంగ్లండు వచ్చాడు. టికెట్ కోసం తండ్రి ఒక పాడి ఆవును, రెండు మేకల్ని అమ్మాడట. జమైకా ఇంకా బ్రిటన్ చేతిలోనే ఉంది, స్వాతంత్ర్యం వచ్చింది 1962 ఆగస్టు 6న. అంటే ఆయన చేతిలో ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్టే. "నేను వేరే దేశం వచ్చాననుకోలేదమ్మా, పెద్దింటికి వచ్చాననుకున్నాను" అనేవాడు. ఆ పెద్దింట్లో ఆయనకు గది దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. గదులు అద్దెకిచ్చే ఇళ్ల కిటికీల్లో నల్లవాళ్లకు ఇవ్వబడదని కార్డులు పెట్టేవాళ్లు. ఇళ్ల విషయంలో అలా చేయకూడదని ఇక్కడ చట్టం వచ్చింది 1968లో. అప్పటికి ఆయన వచ్చి ఏడేళ్లు. చివరికి బ్రిక్స్‌టన్‌లో ఒక గదిలో ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఉన్నారు. ఒకే కిరోసిన్ స్టవ్. దాని మీదే వంట, దాని పక్కనే బట్టలు ఆరడం.

ఆ కార్డుల సంగతి విన్న రోజు నాకు మా పెద్దమ్మ వాళ్ల టోలిచౌకి ఇల్లు గుర్తొచ్చింది. పైవాటా ఖాళీగా ఉంటే చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా కుర్రాడొకడు అడిగాడు. అడ్వాన్స్ చేతిలో పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు. "అయిపోయింది, ఇచ్చేశాం" అని చెప్పింది నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఇంకో ఐదు నెలలు ఆ వాటా ఖాళీగానే ఉంది. తాతయ్యకు ఇది చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

1962లో లండన్ బస్సుల్లో కండక్టరుగా చేరి, తర్వాత డ్రైవరయ్యాడు. ఎక్కువ కాలం 109 నంబరు బస్సు, బ్రిక్స్‌టన్ నుంచి క్రాయిడన్ దాకా. 2005లో రిటైరయ్యాడు. ఆయన భార్య నర్సు, వాళ్లదీ జమైకాయే. ఆ రోజుల్లో కరీబియన్ నుంచి వచ్చిన ఆడపిల్లలు చాలామందిని పూర్తి నర్సు శిక్షణలో కాకుండా చిన్న కోర్సులో వేసేవాళ్లు, ప్రమోషన్లు రాకుండా. ఆవిడకూ అదే జరిగింది. నలభై ఏళ్ల వయసులో మళ్లీ చదివి పెద్ద పరీక్ష పాసైంది. 1965లో చర్చిలో పెళ్లి చేసుకున్నారు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆయనకు పగలు బస్సు, ఆవిడకు రాత్రి డ్యూటీ. సాయంత్రం ఆయన వస్తుంటే ఆవిడ వెళ్తుండేది. గుమ్మంలోనే పిల్లను చేతులు మార్చుకునేవాళ్లట. "మా సంసారం ఐదేళ్లు ఆ గుమ్మంలోనే జరిగింది" అని ఆవిడ నాతో చెప్పింది. అప్పటికింకా జ్ఞాపకం బాగానే ఉంది ఆవిడకి.

ఇల్లెలా కొన్నారో చెబితే మావారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వాళ్లకు బ్యాంకులు అప్పు ఇచ్చేవి కావు. అందుకని బస్సు గ్యారేజీ వాళ్లు, ఆసుపత్రి నర్సులు కలిసి వారం వారం తలా ఇంత ఒక నమ్మకమైన మనిషి దగ్గర వేసేవాళ్లు. వారానికి ఒకరికి మొత్తం డబ్బు. వాళ్ల భాషలో దాన్ని పార్డ్‌నర్ అంటారు. అచ్చంగా మన చిట్టీ! పాట ఉండదు, వంతు ఉంటుంది, అంతే తేడా. జమైకా వాళ్లు ఈ దేశంలో మొదటి ఇళ్లకు డిపాజిట్లు కట్టుకున్నది చాలావరకు ఈ పద్ధతిలోనే. తాతయ్య వాళ్ల చిట్టీకి పెద్ద ఆవిడే. ఇరవై రెండేళ్లు నడిపింది, ఒక్క వారం కూడా తేడా రాలేదు. కాగితం లేదు, సంతకం లేదు. చిన్న ఎర్ర నోటుబుక్కు ఒక్కటి ఉండేది.

2014లో ఆవిడకు డిమెన్షియా అని తేలింది. మొదట తాళాలు, తర్వాత పేర్లు, తర్వాత కూతురి ముఖం. తాతయ్యకు అప్పుడు 74. హోమ్‌లో పెట్టమని చాలామంది చెప్పారు. అలా పెట్టినవాళ్లను నేనేమీ అనను, అది మోసేవాళ్లకే తెలుసు. ఆయన మాత్రం పెట్టలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వంటింటి కిటికీ దగ్గర ఆవిడని కూర్చోబెట్టి తల దువ్వేవాడు. మా కిటికీలోంచి కనిపించేది. ముందు వేళ్లతో పాయలు తీసి, మాడుకు నూనె రాసి, నెమ్మదిగా చిక్కు తీసి, సన్న జడలు వరసగా మాడుకు అంటేలా అల్లేవాడు. ఆ జడను వాళ్లు కేన్‌రో అంటారు, చెరకు సాళ్లని అర్థం. చెరకు తోటల్లో పుట్టినవాళ్లు పెట్టుకున్న పేరు. ఆ నూనె ఏమిటని ఒకసారి సీసా మూత తీసి వాసన చూశాను. ఆముదం! గింజలు వేయించి తీసిన నల్ల ఆముదం, జమైకా వాళ్ల తలనూనె. మా అమ్మమ్మ తల అంటేటప్పుడు వచ్చే వాసన. వాళ్ల వంటింట్లో నిలబడి నేను ఏడ్చాను. ఆయన ఏమీ అడగలేదు, స్టూల్ జరిపి కూర్చోమన్నాడు.

జడ అల్లడం ఆయనకు మొదట రాదు. 75వ ఏట మనవరాలి బొమ్మ మీద నేర్చుకున్నాడు. ఆవిడ చేతులు పనిచేస్తున్నంత కాలం ఆవిడే చూపించింది. తర్వాత మనవరాలికీ ఆయనే అల్లేవాడు, స్కూలుకు వెళ్లేముందు. ఆయన చేసిన పాపిడి రూళ్లకర్రతో గీసినట్టు ఉండేది.

ప్రతి బుధవారం ఆవిడని 109 ఎక్కించేవాడు. మేడ మీద, ముందు సీటు. బ్రిక్స్‌టన్ మార్కెట్‌లో చేపలు, కందగడ్డ, అరటికాయలు కొనుక్కుని మళ్లీ అదే బస్సులో వచ్చేవాళ్లు. కూతురి పేరు మరిచిపోయిన మనిషి నార్‌బరీ, స్ట్రెతమ్ కామన్, స్ట్రెతమ్ హిల్ అని స్టాపులు వరస తప్పకుండా చెప్పేది. నేను ఒకసారి వాళ్లతో వెళ్లాను. ఆవిడ స్టాపు పేరు చెప్పిన ప్రతిసారీ ఆయన "కరెక్ట్ మేడమ్" అనేవాడు, డ్యూటీలో ఉన్నట్టు.

మా అబ్బాయి, వాళ్ల మనవరాలు ఒకే ఈడు. వాళ్లమ్మాయి భర్తతో విడిపోయి ఇద్దరు పిల్లలతో వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పొద్దున్నే ఆమె ఉద్యోగానికి, మేం ఉద్యోగాలకు. కాబట్టి 2016 సెప్టెంబరు నుంచి పిల్లల్ని బడికి తీసుకెళ్లడం తాతయ్య వంతు. ఆ నడకను ఆయన బస్సు చేశాడు. పిల్లలు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకోవాలి. ముందు ఆయన, వెనక ఆవిడ. "హోల్డ్ టైట్!" అని కేకేసి, లేని గంటను రెండుసార్లు లాగితేగానీ బస్సు కదలదు. టికెట్ లేకుండా ఎక్కనిచ్చేవాడు కాదు. టికెట్ అంటే రోడ్డు మీద ఏరుకున్న ఒక ఆకు. పిల్లలు ఆ ఆకు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాలి. ఆవిడ ఇప్పుడు కండక్టరు. ఆవిడ ఎంత మరుపులో ఉన్నా ఆకు తీసుకుని కోటు జేబులో వేసుకునేది.

మా వాడు ఆయన్ని తాతయ్య అనడం విని వాళ్ల మనవడు, మనవరాలు కూడా తాతయ్య అనడం మొదలుపెట్టారు. ముఖ్యంగా ఐస్‌క్రీమ్ బండి వచ్చినప్పుడు. ఆయన నోట్లో అది "టాటాయా" అయ్యేది.

క్రికెట్ గురించి రాయకపోతే ఆయన ఒప్పుకోడు. మాది హైదరాబాద్ అని తెలిసిన రోజు, "అయితే మా గిల్‌క్రిస్ట్ మీ ఊరికి ఆడాడు" అన్నాడు. నాకు ఏమీ తెలియదు. రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. నాన్న గొంతు మారిపోయింది. రాయ్ గిల్‌క్రిస్ట్, వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్, సెయింట్ థామస్ జిల్లాలోనే సీఫోర్త్ అనే చోట పుట్టినవాడు. 1962-63లో మన బ్యాట్స్‌మెన్‌కు వేగం అలవాటు చేయాలని క్రికెట్ బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను పిలిపించింది. అందులో గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. నాన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు. నారాయణగూడ సందుల్లో పిల్లలందరూ ఆయనలాగే చాలా దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి వేసేవాళ్లట. ఆ ఆదివారం నాన్ననూ తాతయ్యనూ వీడియోలో కలిపాను. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. 1983 ఫైనల్‌కు తాతయ్య లార్డ్స్‌లోనే ఉన్నాడు. మనవాళ్లు 183కే ఆలౌట్ అయితే కప్పు తమదేననుకుని ముందే స్వీట్లు కొన్నాడట. వెస్టిండీస్ 140కి పడిపోయింది. ఆ స్వీట్లు ఏం చేశారని నాన్న అడిగాడు. మర్నాడు గ్యారేజీలో ఉన్న పంజాబీ డ్రైవర్లకు పంచాడట.

ఇప్పుడు రాయబోయేది మాత్రం కోపంతోనే రాస్తున్నాను. 2016లో ఊళ్లో ఆయన పెద్దన్న పోయాడు. వెళ్లాలి. పాత పాస్‌పోర్టు గడువు ఎప్పుడో అయిపోయింది. కొత్తదానికి వెళితే, నువ్వు ఈ దేశంలో చట్టప్రకారం ఉంటున్నట్టు రుజువేమిటని అడిగారు. 55 ఏళ్లుగా పన్ను కట్టిన మనిషిని! ఒక్కో సంవత్సరానికి నాలుగేసి కాగితాలు తెమ్మన్నారు. వెళితే మళ్లీ రానివ్వకపోవచ్చని ఎవరో భయపెట్టారు. ఆవిడని వదిలి ఆయన అంత పెద్ద జూదం ఎలా ఆడతాడు? వెళ్లలేదు. అన్న అంత్యక్రియలు జరిగిన రోజు పొద్దున నల్ల సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని, పెరట్లో తోటకూర మడి పక్కన నిలబడ్డాడు, అక్కడ సమాధి పూడ్చే సమయం అయ్యేదాకా.

ఆయన ఒక్కడి కథ కాదది. 1973కు ముందే వచ్చి స్థిరపడ్డవాళ్లకు ఇక్కడ ఉండే హక్కు చట్టమే ఇచ్చింది, కానీ చేతికి కాగితం ఇవ్వలేదు. వాళ్లు ఎప్పుడు దిగారో చూపించే పాత ల్యాండింగ్ కార్డులను 2010లో ప్రభుత్వమే పారేసింది. తర్వాత రుజువు చూపించమంది. ఉద్యోగాలు పోయినవాళ్లు, ఆసుపత్రిలో వైద్యం దొరకనివాళ్లు, ఎన్నడూ చూడని దేశంలా మారిపోయిన పుట్టిన ఊరికి పంపబడ్డవాళ్లు ఉన్నారు. 1948లో వచ్చిన ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ పేరుతో వీళ్లందరినీ విండ్‌రష్ తరం అంటారు. 2018 ఏప్రిల్‌లో ఈ సంగతి పెద్ద దుమారమై ప్రధాని థెరెసా మే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, హోం మంత్రి రాజీనామా చేసింది.

ఆ ఏడాది వేసవిలో ఆయన ఫారాలు నేనే నింపాను. మంచం కింద నుంచి ఒక పెద్ద బిస్కెట్ డబ్బా తీశాడు. నిండా పే స్లిప్పులు. 1962 నుంచి. ఏ ఏడాదికి ఆ ఏడాది రబ్బరు బ్యాండు. నాలుగు రాత్రులు ఇద్దరం వంటింటి బల్ల మీద వాటిని పరిచాం. వీసా కాగితాలంటే మన తెలుగువాళ్లకు ఎంత టెన్షనో నాకు తెలుసు, ప్రతి రెన్యువల్‌కూ మా ఇంట్లో నిద్ర ఉండేది కాదు. అందుకే ఆ పని నాకు చేతనైంది. నష్టపరిహారం ఫారం తర్వాత వచ్చింది. అందులో ఏం నష్టపోయారో రాయమన్నారు. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, "అన్న మీద ఒక పార మట్టి వేయలేకపోయాను. దానికి ఎంతని రాయను?" అని అడిగాడు. ఆ గడి ఖాళీగా వదిలేశాం.

కాగితాలొచ్చాక 2019లో ఆవిడని తీసుకుని జమైకా వెళ్లి వచ్చాడు. అక్కడ సముద్రం చూడగానే ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుందట. చిన్నప్పుడు అలాగే చేసేదట. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఆవిడ 2021 జనవరిలో కరోనాతో పోయింది. పెళ్లయి 55 ఏళ్లు. అంత్యక్రియలకు ముప్పై మందిని మించి రానివ్వని రోజులు. జమైకా వాళ్లలో మనిషి పోయాక తొమ్మిదో రాత్రి పెద్ద కార్యం ఉంటుంది, నైన్ నైట్ అంటారు. ఊరంతా వస్తారు, పాటలు, డామినో ఆట, వేయించిన చేపలు, మేక కూర. ఆవిడకు అది జరగలేదు. ఆ తొమ్మిదో రాత్రి ఆయన గుమ్మంలో ఒక్కడే కూర్చున్నాడు. మేం మా గుమ్మంలో కూర్చున్నాం, మధ్యలో కంచె. తర్వాత ఒకరోజు కూతురు ఆవిడ కోటు తీస్తే రెండు జేబుల్లోనూ ఎండిపోయిన ఆకులు. పొడిపొడిగా రాలుతున్నాయి. తాతయ్య ఒక్కటి కూడా పారేయనివ్వలేదు. ఖాళీ అయిన బిస్కెట్ డబ్బాలో పోసి పెట్టాడు.

ఆయన నైన్ నైట్ మాత్రం ఘనంగా జరిగింది. రెండిళ్లూ తెరిచాం. వంద మందికి పైగా వచ్చారు, మూడు వీధుల అవతల దాకా కార్లు. గ్యారేజీలో ఆయనతో పనిచేసిన ముసలి డ్రైవర్లు డామినో బిళ్లను బల్ల మీద కొడుతుంటే మా గోడ అదిరింది. ఒక బల్ల మీద పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వడ్డించి పెడతారు, అర్ధరాత్రి దాకా ఎవరూ ముట్టుకోరు. అమ్మకు హైదరాబాద్‌లో వీడియోలో చూపిస్తే, "అచ్చం మన పెద్దకర్మే కదే" అని, "అన్నయ్యగారికి తోటకూర పప్పు పెట్టావా?" అని అడిగింది. అప్పటికే పెట్టాను. మేక కూర మాత్రం నేను వండలేదు, వాళ్ల బావమరిది వండాడు. జమైకాలో మేక కూరకు మసాలా మనవాళ్లదే. 1845 నుంచి చెరకు తోటల్లో పనికి తీసుకెళ్లిన భారతీయ కూలీలు నేర్పింది. మొత్తం సుమారు 36,000 మంది వెళ్లారు. కలకత్తా నుంచే ఎక్కువ, మద్రాసు రేవు నుంచీ కొందరు.

స్మశానంలో వాళ్లు సమాధిని పనివాళ్లకు వదిలిపెట్టరు. ఇంటి మగవాళ్లే పారలు తీసుకుని వంతులవారీగా పూడుస్తారు, ఆడవాళ్లు పాడుతూనే ఉంటారు. మావారు కోటు విప్పి పార అందుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, జరిగి చోటిచ్చారు. అంతకుముందే ముగ్గురు పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఆకు వేశారు. మా వాడికి ఇప్పుడు పన్నెండేళ్లు, నా భుజం దాటాడు. ఆకు వేసి "టికెట్, తాతయ్యా" అన్నాడు.

మొన్న క్రిస్మస్‌కు వాళ్లమ్మాయి సారెల్ పోసి ఇచ్చింది. పువ్వు అడుగున ఉండే ఎర్రటి దొప్పల్ని ఎండబెట్టి, అల్లం, లవంగాలు, నారింజ తొక్క వేసి మరిగించి, రాత్రంతా నానబెట్టి, పంచదార కలిపిన పానకం. మొదటి ఏడాది అది తాగినప్పుడే ఈ పులుపు నాకు తెలుసే అనుకున్నాను. అది మన గోంగూరే. మా నాన్న వైపు వాళ్లు పుంటికూర అంటారు. మనం ఆకు తింటాం, వాళ్లు పూల దొప్పల్ని మరిగించి తాగుతారు. అమ్మ పంపిన విత్తనాలు తాతయ్య తన గాజుగదిలో కుండీల్లో వేసేవాడు. ఆకు బాగా వచ్చేది, అదంతా మాకే. పొద్దు తగ్గితేగానీ దానికి పూత రాదు, ఇక్కడ పొద్దు తగ్గేసరికి చలి వచ్చి మొక్క పోతుంది. అయినా ప్రతి ఏడూ వేసేవాడు.

ఇంతకీ, మీ పేపర్లో ఉత్తరం రాసిన ఆ పెద్దాయనకు ఒక సంగతి చేరవేయమని కోరుతున్నాను. తాతయ్య వాళ్ల ఇంట్లో మేడ మీద వెనక గది ఖాళీ అయింది. వాళ్లమ్మాయి అద్దెకివ్వాలనుకుంటోంది. మీ వాళ్ల పిల్లలెవరైనా చదువుకు వస్తే ముందు చెప్పమని నన్ను అడిగింది. స్టేషన్‌కు నడిచి వెళ్లొచ్చు, అరగంటలో విక్టోరియా. 109 బస్సు కూడా దగ్గరే. వాళ్లబ్బాయికి సెప్టెంబరు నాటికి గది కుదరకపోతే నా అడ్రసు మీ ఆఫీసులో ఇచ్చాను, రాయమనండి. గది కిటికీ పెరటివైపు ఉంటుంది. మార్చిలో గోంగూర విత్తనాలు మా అబ్బాయి వేస్తానన్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
థార్న్‌టన్ హీత్, లండన్